మన తర్వాత మన బిడ్డ ఎక్కడ ఉండాలి?

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన సమయం ఇరవై నిముషాలు. స్కాలర్‌షిప్పుల పంపిణీ ఉందనీ, ఆ తర్వాత భోజనాలు ఉన్నాయనీ కార్యదర్శిగారు ముందే హెచ్చరించారు. కనుక ఉపోద్ఘాతం జోలికి పోకుండా విషయంలోకి వస్తాను.

నేను ఇరవై ఆరేళ్ళు బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడిలో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ కాలమంతా అన్ని మతాల తల్లుల నోటా ఒకే మాట విన్నాను. "టీచరుగారూ, నాకంటే ఒక్క రోజు ముందు వీణ్ణి తీసుకుపొమ్మని దువా చేస్తున్నాను" అని మన తల్లులంటారు. "ఆ దేవుడు నాకంటే ముందు వీణ్ణి పిలుచుకోవాలమ్మా" అని హిందూ తల్లులంటారు. కన్నతల్లి నోట అలాంటి మాట ఎందుకొస్తుంది? ప్రేమ లేకనా? కానే కాదు. తను పోయిన మర్నాడు వాడికి అన్నం ఎవరు కలిపి పెడతారో తెలియక. స్నానం ఎవరు చేయిస్తారో, రాత్రి ఉలిక్కిపడి లేస్తే పక్కన ఎవరుంటారో తెలియక.

పూర్వం ఈ ప్రశ్న ఇంత పెద్దది కాదు. అప్పట్లో ఇలాంటి పిల్లలు చాలామంది చిన్నతనంలోనే పోయేవారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సంగతే తీసుకోండి. అమెరికా లెక్కల ప్రకారం 1983 ప్రాంతంలో వారి సగటు ఆయుష్షు పాతికేళ్ళు. ఇప్పుడది అరవైకి చేరింది. గుండె ఆపరేషన్లు, యాంటీబయాటిక్ మందులు, మంచి తిండి, ఇవన్నీ కలిసి ఆ బిడ్డలకు నిండు జీవితాన్నిచ్చాయి. సంతోషించవలసిన విషయమే. కానీ డెబ్బయ్యేళ్ళ తల్లి, నలభై అయిదేళ్ళ కొడుకు ఒకే గదిలో ఒకరినొకరు చూసుకుంటూ బతుకుతున్న ఇళ్ళు మన మొహల్లాల్లోనే ఉన్నాయి. అందులో ముందు పోయేది తల్లే అని లెక్క తెలిసిన వారెవరైనా చెబుతారు.

ఇక్కడ ఒక తేడా చెప్పి ముందుకు పోతాను. బుద్ధిమాంద్యం వేరు, పిచ్చి వేరు. మన వాళ్ళు రెంటినీ ఒకే గాటన కట్టి 'దివానా' అనేస్తారు. మానసిక వ్యాధి ఏ వయసులోనైనా రావచ్చు, మందులున్నాయి, చాలామందికి నయమవుతుంది. బుద్ధిమాంద్యం పుట్టుకతోనో, పసితనంలోనో వచ్చేది. అది జబ్బు కాదు, ఎదుగుదలలో ఉండే లోటు. దానికి మందు లేదు, నేర్పు ఉంది. ఓపికగా నేర్పితే నేర్చుకుంటారు. వీరిలో అత్యధికులు తేలికపాటి స్థాయి వారే. బస్సెక్కగలరు, చిల్లర లెక్కపెట్టడం నేర్చుకోగలరు, నేర్పితే పని చేయగలరు. ఈ తేడా చట్టానికి అర్థం కావడానికే చాలా ఏళ్ళు పట్టింది. 1912 నాటి లూనసీ చట్టం ఇద్దరినీ కలిపే చూసింది. 1987లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం బుద్ధిమాంద్యాన్ని విడిగా పక్కన పెట్టింది. మొహల్లాకు ఆ తేడా ఇంకా పూర్తిగా తెలియలేదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద బుద్ధిమాంద్యం ఉన్నవారు పదిహేను లక్షల మంది అని తేలింది. నన్నడిగితే అది తక్కువ అంకె. గణకుడు గుమ్మంలోకొచ్చి "ఇంట్లో వికలాంగులెవరైనా ఉన్నారా?" అని అడిగితే పెళ్ళి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఎవరు చెబుతారు?

ఇప్పుడు మన సంఘం ముందున్న ప్రతిపాదన. బైపాసు అవతల మనకు ఒక స్థలం దానంగా వచ్చింది. అందులో యాభై మంది పట్టే హాస్టలు కట్టి, ఇలాంటి పిల్లల్నీ పెద్దల్నీ అక్కడ చేర్చుకోవాలని కార్యవర్గం ఆలోచిస్తోంది. స్థలం ఇచ్చిన పెద్దాయన ఇదే సభలో ఉన్నారు. వారి మనసు గొప్పది, ఆ సంగతి ముందుగా చెప్పుకోవాలి. అయితే నన్ను పిలిచి అభిప్రాయం అడిగారు కనుక, మొహమాటం లేకుండా చెబుతాను. ఆ హాస్టలు కట్టవద్దు.

ఎందుకంటారా? యాభై మంది ఉన్నచోట గంట కొట్టి అన్నం పెట్టాలి. వేరే దారి లేదు. గంటకు లేవాలి, గంటకు పడుకోవాలి. తల దువ్వే తీరిక ఎవరికీ ఉండదు కనుక అందరికీ ఒకే క్షవరం, ఆడపిల్లలకు సైతం. దండెం మీద ఎండిన బట్టల్లో ఎవరికి ఏది అందితే అది. ఒకరికి గజ్జి వస్తే వారంలో యాభై మందికీ అంటుకుంటుంది. ఆయాలు చాలీచాలని జీతాలకు పనిచేస్తారు కనుక ఆర్నెల్లకొకసారి మారిపోతుంటారు. పిల్లవాడికి మాట రాకపోతే, కడుపు నొప్పి వచ్చినప్పుడు వాడు ఎలా కూర్చుంటాడో తెలిసిన మనిషే అక్కడ మిగలదు. ఇక బైపాసు అవతలికి సిటీ బస్సు పోదు. మొదటి ఏడాది తల్లిదండ్రులు ప్రతి ఆదివారం ఆటో కట్టించుకుని వెళతారు. రెండో ఏడాది నెలకొకసారి. ఆ తర్వాత రంజానుకు ఒకసారి, బక్రీదుకు ఒకసారి. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. దూరం చేసే పని అది.

ఈ దారిలో ముందు నడిచిన దేశాలకు ఏం జరిగిందో చూడండి. అమెరికాలో న్యూయార్క్ నగరాన విల్లోబ్రూక్ అని ఒక పెద్ద ప్రభుత్వ సంస్థ ఉండేది. నాలుగు వేల మందికని కట్టారు. 1965 నాటికి అందులో ఆరు వేల మందికి పైగా ఉన్నారు. ఆ ఏడు సెనేటర్ రాబర్ట్ కెనెడీ అక్కడికి వెళ్ళి చూసి, బయటికొచ్చి దేశానికి చెప్పాడు. ఏమీ కాలేదు. 1972లో ఒక టెలివిజన్ విలేఖరి కెమెరాతో లోపలికి పోయి, బట్టలు లేకుండా నేల మీద పడి ఉన్న పిల్లల్ని జనానికి చూపించాడు. అప్పుడు కోర్టులు కదిలాయి. చివరికి 1987లో మూసేశారు. కట్టినవారు కిరాతకులేం కాదు. మంచి జరుగుతుందనే కట్టారు. స్వీడన్ వాళ్ళు ఇంకొంచెం ముందు మేలుకున్నారు. అక్కడి బెంగ్ట్ నిర్యే అనే ఆయన 1969లో ఒక సూత్రం రాశాడు. మిగతా మనుషులకు రోజు ఎలా గడుస్తుందో, వారం ఎలా గడుస్తుందో, ఏడాది ఎలా గడుస్తుందో వీరికీ అలాగే గడవాలన్నది దాని సారం. పొద్దున లేచి ఎక్కడికో ఒకచోటికి పనికి పోవాలి, సాయంత్రం ఇంటికి రావాలి, సెలవు రోజు సెలవులా ఉండాలి, పండగ పండగలా ఉండాలి. వినడానికి ఎంత చిన్న మాట! దాన్ని పట్టుకునే ఆ దేశం పెద్ద సంస్థల్ని ఒక్కొక్కటిగా ఖాళీ చేసింది. మిగిలిన వాటిని 1999 చివరికల్లా మూసివేయాలని చట్టమే చేసింది.

మన దేశం సంగతి అంటారా? 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఏం జరిగిందో ఈ సభలోని పెద్దలకు గుర్తుండే ఉంటుంది. దర్గాకు వచ్చే మానసిక రోగుల్ని పాకల్లో గొలుసులతో కట్టి ఉంచేవారు. తెల్లవారుజామున నిప్పంటుకుంది. గొలుసులున్నవాళ్ళు పరుగెత్తలేరు గదా. ఇరవై ఎనిమిది మంది కాలిపోయారు. వారు మానసిక రోగులు, మనం మాట్లాడుకునే పిల్లలు వేరు. కానీ ఇంట్లోవాళ్ళు తీసుకెళ్ళి, డబ్బు కట్టి, వదిలేసి వచ్చిన తీరు మాత్రం ఒకటే. ఊరికి దూరంగా, చూసే కళ్ళు లేని చోట మనిషిని పెడితే ఏదో ఒకనాడు కీడు జరుగుతుంది.

సరే, హాస్టలు వద్దంటే మరేం చేయాలి? ముందు ఇంటి దగ్గరి సంగతి. చాలామంది పిల్లలకు ఇవాళ కావలసింది వేరే ఇల్లు కాదు, ఉన్న ఇంట్లోనే తల్లికి ఆసరా. మన షాదీఖానా వారంలో అయిదు రోజులు ఖాళీగానే ఉంటుంది. ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా అందులో ఒక కేంద్రం నడపవచ్చు. శిక్షణ పొందిన టీచరు ఒకరు, ఇద్దరు ఆయాలు, పిల్లల్ని తెచ్చి దింపే ఒక ఆటో ఉంటే చాలు. పళ్ళు తోముకోవడం, గుండీలు పెట్టుకోవడం, కూరగాయలు కోయడం, కవర్లు అంటించడం, డబ్బు గుర్తుపట్టడం నేర్పవచ్చు. టీచర్లకు సికింద్రాబాదు మనోవికాస నగర్‌లోని జాతీయ సంస్థలో శిక్షణ ఉంది. 1984లో పెట్టిన ఆ సంస్థ మన తెలుగు గడ్డ మీదే ఉండటం మన అదృష్టం. తల్లిదండ్రులు బిడ్డతో కొన్నాళ్ళు అక్కడే బస చేసి శిక్షణ పొందే ఏర్పాటు కూడా ఉంది. ఎంతమంది వాడుకున్నాం? నాకు తెలిసి మన మొహల్లా నుంచి వెళ్ళిన కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. హజ్ ఫారాలు నింపిపెట్టే కుర్రాళ్ళు మన సంఘంలో పదిమంది ఉన్నారు. ఈ ఫారాలూ వాళ్ళే నింపిపెట్టవచ్చు.

ఇంకొక సాయం ఉంది. దానికి డబ్బు కూడా పెద్దగా అక్కరలేదు. తల్లికి జ్వరం వస్తే, ఇంట్లో నిఖా ఉంటే, ఉమ్రాకు పోవలసి వస్తే, ఆ బిడ్డను నాలుగు రోజులు ఎవరు చూస్తారు? ఇరవయ్యేళ్ళుగా చెల్లెలి పెళ్ళికి కూడా వెళ్ళని తల్లిని నేనెరుగుదును. "వీణ్ణి తీసుకెళితే వాళ్ళ పరువు పోతుందట, వదిలిపెట్టి వెళితే నా మనసు ఒప్పుకోదు" అనేది. నాలుగు రోజులు చూసుకునే నమ్మకమైన చోటు ఒకటి ఉంటే ఆ తల్లి ఆయుష్షు పదేళ్ళు పెరుగుతుంది. ప్రభుత్వం వారి నేషనల్ ట్రస్టుకు సమర్థ్, ఘరౌండా అని పథకాలున్నాయి. మొదటిది ఇలాంటి తాత్కాలిక వసతికి, రెండోది పెద్దవారి శాశ్వత నివాసానికి ఉద్దేశించినవి. వైద్యానికి నిరామయ అనే బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, చేరడానికి ముందు వైద్య పరీక్షలు అడగరు, థెరపీ ఖర్చులకు కూడా ఇస్తుంది.

ఇక ఇల్లు సంగతి. తల్లిదండ్రులు లేనివారికి, వృద్ధులైపోయిన తల్లిదండ్రులున్నవారికి ఆనందపేటలోనో సంగడిగుంటలోనో మామూలు ఇల్లు ఒకటి అద్దెకు తీసుకుందాం. నలుగురు మగవాళ్ళకు ఒక ఇల్లు, నలుగురు ఆడవాళ్ళకు వేరే వీధిలో ఇంకో ఇల్లు. గుమ్మానికి బోర్డు అక్కరలేదు. బోర్డు పెట్టిన మరుక్షణం అది ఇల్లు కాకుండా పోతుంది. పగలు ఒక మనిషి, రాత్రి ఒక మనిషి తోడు ఉంటారు. పగలు వీళ్ళు షాదీఖానా కేంద్రానికో పనికో పోతారు. సాయంత్రం వచ్చి టీ కాచుకుంటారు. కొట్టుకు పోయి బిస్కట్లు తెచ్చుకుంటారు. పక్కింటి ఖాలా గోడ మీంచి చూసి "ఏరా, ఇవాళ స్నానం చేశావా?" అని అడుగుతుంది. ఆ ఖాలా ఏ ఇన్‌స్పెక్టరుకీ తీసిపోదు. బైపాసు అవతల ఆ ఖాలా దొరకదు.

ఇది కలలో మాట కాదు. 1991లో సికింద్రాబాదులో మొదలైన స్వయంకృషి సంస్థ బుద్ధిమాంద్యం ఉన్న స్త్రీలకు ఇలాంటి చిన్న ఇళ్ళు నడిపి చూపించింది. మన జమాతు పెద్దలు ఇద్దరు ముగ్గురు ఒకసారి వెళ్ళి చూసి వస్తే నేను చేసే ఈ ఉపన్యాసం కంటే ఎక్కువ లాభం.

డబ్బు మాట అడుగుతారని తెలుసు. కోశాధికారిగారు ఇప్పటికే నా వైపు చూస్తున్నారు. మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024లో నెలకు ఆరు వేలైంది. నలుగురివీ కలిపితే ఇరవై నాలుగు వేలు. మన వీధుల్లో అద్దె, కరెంటు, తిండి దాంతో చాలావరకు గడుస్తాయి. మిగిలేది ఇద్దరు ముగ్గురు పనివాళ్ళ జీతం. అది సంఘం భరించాలి. హాస్టలు కట్టడానికి సేకరించదలచిన సొమ్ములో చిన్న భాగం బ్యాంకులో వేసి దాని ఆదాయంతో ఒక ఇంటిని నడపవచ్చునేమో లెక్క చూడమని కోశాధికారిగారికి మనవి. బైపాసు స్థలం వృథా కాదు. దాతగారు ఒప్పుకుంటే దాని మీద దుకాణాలు వేసి, అద్దెలు ఈ ఇళ్ళకు వచ్చేటట్టు చేయవచ్చు. అప్పుడు ఆ దానం ఒక భవనంలో ఇరుక్కుపోకుండా ఎన్నో ఇళ్ళకు పారుతుంది.

అయితే చిన్న ఇల్లు అనగానే అంతా మంచే అని నేననను. పాశ్చాత్య దేశాల్లో చిన్న ఇళ్ళు కూడా కొన్నిచోట్ల బుల్లి హాస్టళ్ళుగా మారాయి. అదే గంట, అదే తాళం, మనుషులు మాత్రం నలుగురు. తలుపు వేసుకుంటే లోపల ఏం జరిగేదీ తెలియదు. కాబట్టి చెప్పకుండా వెళ్ళి చూసి వచ్చే కమిటీ ఉండాలి. అందులో ఆడవాళ్ళు ఉండాలి, పిల్లల తల్లిదండ్రులు ఉండాలి. ఆడవాళ్ళ ఇంటికి మగమనిషి తోడు ఉండరాదు. ఈ రెండు నియమాలకు సడలింపు వద్దు.

ఇప్పుడు నా మనసుకు బాగా దగ్గరైన విషయం. ఏ ఇంట్లో ఎవరుండాలో ఎవరు నిర్ణయిస్తారు? నాన్న, అన్న, మేనమామ, సంఘం కార్యదర్శి, అందరూ కూర్చుని నిర్ణయిస్తారు. ఆ మనిషిని ఎవరూ అడగరు. "వాడికేం తెలుసండీ?" అంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అయిదో సెక్షను ఏమంటుందంటే, వికలాంగులకు సమాజం మధ్యలో జీవించే హక్కు ఉంది, ఫలానా చోటే ఉండి తీరాలని వారిని నిర్బంధించరాదు, ఇంట్లోనూ బయటా వారికి కావలసిన సేవలు అందుబాటులో ఉంచాలి. మన దేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక పంతొమ్మిదో అధికరణం కూడా అదే చెబుతుంది. ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో ఎంచుకునే అవకాశం అందరితో సమానంగా ఉండాలంటుంది.

మాట రానివాణ్ణి ఎలా అడుగుతాం? అడగవచ్చు. ఇరవై ఆరేళ్ళు నేను చేసిన పని అదే. ముందు ఒక పూట ఆ ఇంటికి తీసుకెళ్ళండి. టీ తాగి రండి. వారం తర్వాత ఒక రోజంతా ఉంచండి. తర్వాత ఒక రాత్రి, తర్వాత మూడు రాత్రులు. ప్రతిసారీ చూడండి. అన్నం తిన్నాడా? నిద్రపోయాడా? ఎవరి పక్కన కూర్చుంటున్నాడు, ఎవరిని చూస్తే గోడవైపు తిరుగుతున్నాడు? రెండోసారి బయలుదేరేటప్పుడు చెప్పులు తనే వేసుకున్నాడా, మంచం కోడు పట్టుకున్నాడా? ఇవన్నీ జవాబులే. కొంచెం మాటలొచ్చినవారికి ఫోటోలు చూపించండి. ఇది మీ ఇల్లు, ఇది ఆ ఇల్లు, ఇది అన్నయ్య ఇల్లు. చెయ్యి ఎటు పోతుందో చూడండి. ఒకసారి అడిగి సరిపెట్టకండి, నెలలో మూడుసార్లు అడగండి. ఒక్కొక్కరు ఎదుటివారి ముఖం చూసి వాళ్ళకు నచ్చే జవాబే చెబుతారు. ఎప్పుడూ 'సరే' అనడం నేర్పిన పిల్లలు గదా! అందుకని ఎంపికలో లాభం లేని మనిషి, ఒక టీచరో దూరపు బంధువో, అడగాలి.

మా బడిలో చదివిన ఒకతను, ఇప్పుడు నలభై దాటాయి, తల్లి పోయాక అన్నగారింటికి పోయాడు. అన్నా వదినా మంచివాళ్ళే. మేడ మీద వేరే గది, ఫ్యాను, మంచం ఇచ్చారు. ఆర్నెల్లలో మనిషి చిక్కి సగమయ్యాడు. డాక్టర్లు పరీక్షలన్నీ చేశారు. తీరా చూస్తే కారణం ఏమిటి? తల్లి బతికి ఉన్నప్పుడు రోజూ అసర్ నమాజు తర్వాత వీధి చివర సైకిలు షాపులో స్టూలు మీద గంటసేపు కూర్చుని, పంక్చరు గిన్నెలో నీళ్ళు మార్చే పని చేసేవాడు. అన్నగారి కాలనీలో సైకిలు షాపు లేదు. ఎవరూ అడగలేదు కనుక ఎవరికీ తెలియలేదు. చివరికి పాత వీధిలోనే ఫూఫీ ఇంట్లో ఉంచి, అన్నగారు నెలకింత ఇచ్చే ఏర్పాటు చేశారు. గది చిన్నది, ఫ్యాను శబ్దం చేస్తుంది, మనిషి మాత్రం బాగున్నాడు. ఎంపిక అంటే మేడా పాకా అని కాదు. అతనికి కావలసింది ఆ స్టూలు.

ఆడపిల్లల గురించి రెండు మాటలు. 2009లో ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. చండీగఢ్‌లో ప్రభుత్వ సంస్థలో ఉన్న బుద్ధిమాంద్యం గల అమ్మాయి అక్కడే అత్యాచారానికి గురై గర్భవతి అయింది. గర్భం తీసివేయమని హైకోర్టు అంది. ఆ అమ్మాయి బిడ్డ కావాలంది. ఆమె ఇష్టం లేకుండా తీయరాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మీద మీలో కొందరికి వేరే అభిప్రాయం ఉండవచ్చు. నేను చెప్పదలచింది ఒకటే. ఆమె రక్షణ కోసం పెట్టిన చోటే ఆమెకు ఆపద వచ్చింది. రక్షణ అంటే ఎత్తయిన గోడ అని మనం అనుకుంటాం. ఆ పిల్లకు 'వద్దు' అని చెప్పడం నేర్పితే, ఏది మంచి ముట్టుకోవడం ఏది కాదో నేర్పితే, రోజూ ఆమెను చూసే నలుగురు ఆడవాళ్ళు చుట్టూ ఉంటే, అది గోడకంటే గట్టి రక్షణ.

మగపిల్లల విషయంలో మన వాళ్ళకొక మందు తెలుసు, "నిఖా చేస్తే కుదురుకుంటాడు" అని. దాచిపెట్టి చేసే ఆ నిఖా వల్ల కుదురుకున్నవాణ్ణి నేను చూడలేదు. జీతం లేని ఆయాగా మారిన పేదింటి కోడళ్ళను మాత్రం చూశాను. పెళ్ళి కూడదని నేననడం లేదు. తెలిసి, ఒప్పుకుని చేసుకుంటే వేరు సంగతి.

చివరగా ఆస్తి. దీన్ని గురించి ఎవరూ మాట్లాడరు, గొడవలన్నీ ఇక్కడే వస్తాయి. మన వారసత్వ నియమాల ప్రకారం బుద్ధిమాంద్యం ఉన్నంత మాత్రాన వాటా పోదు. కొడుకు వాటా కొడుకుదే, కూతురు వాటా కూతురిదే. అర్థం చేసుకునే శక్తి లేనివారి చేత వేలిముద్ర వేయించి హక్కు వదులుకున్నట్టు రాయించిన కాగితం కోర్టులో నిలవదు. ఇక తండ్రి ఆ బిడ్డకు ఎక్కువ ఇవ్వాలనుకుంటే? వీలునామాలో ఒక చిక్కుంది. వారసుడికి వసీయత్ రాస్తే తక్కిన వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది, బయటివారికైనా మూడో వంతుకు మించి రాయడానికి వీల్లేదు. కాబట్టి బతికుండగానే హిబా చేసి, స్వాధీనం కూడా పూర్తిగా అప్పగించడం ఒక దారి. ట్రస్టు పెట్టి ఆ బిడ్డను లబ్ధిదారుగా చూపడం ఇంకో దారి. ఏది మీ ఇంటికి సరిపోతుందో వకీలు దగ్గర కూర్చుని తేల్చుకోండి. మిగతా పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండి. తండ్రి పోయాక తెలిసిన ఏర్పాటు తగువుకే దారితీస్తుంది.

బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండాక తల్లిదండ్రులు చట్టం దృష్టిలో సంరక్షకులు కారన్న సంగతి చాలామందికి బ్యాంకుకు వెళ్ళినప్పుడు తెలుస్తుంది. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టరుతో కూడిన స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. సంరక్షకుడు ఆర్నెల్లలోగా ఆ బిడ్డ ఆస్తుల జాబితా ఇవ్వాలి, ప్రతి ఏడూ లెక్కలు చూపాలి. ఈ లెక్క చూపే నియమమే నాకు నచ్చింది. అన్నదమ్ముల మీద అనుమానంతో కాదు, అన్నదమ్ములకే అది మేలు. రేపు ఎవరైనా వేలు చూపితే కాగితం చూపవచ్చు. ప్రభుత్వోద్యోగం చేసినవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. సంపాదించుకోలేని వికలాంగ సంతానానికి ఫ్యామిలీ పింఛను జీవితాంతం వస్తుంది. పింఛను కాగితాల్లో ఆ బిడ్డ పేరు ఇప్పుడే చేర్పించండి. పరువు కోసం దాచిన పేరు పింఛను ఆఫీసులో దొరకదు. ప్రభుత్వ ఇళ్ళ పథకాల్లో అయిదు శాతం వికలాంగులకు కేటాయించాలని 2016 చట్టంలోనే ఉంది. పట్టాలు ఇచ్చేటప్పుడు మన సంఘం తరఫున ఎవరైనా వెళ్ళి అడిగారా?

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సభ ముందు నా ప్రతిపాదన ఇది. హాస్టలు నిర్మాణం మీద ఇవాళ తీర్మానం చేయకండి. మూడు నెలలు ఆగండి. ఈలోగా మన మొహల్లాల్లో ఇలాంటివారు ఎంతమంది ఉన్నారో, వయసెంత, ఎవరితో ఉంటున్నారు, సర్టిఫికెట్టు ఉందా, పింఛను వస్తోందా, ఇల్లిల్లూ తిరిగి రాసుకుందాం. ఆడవాళ్ళు వెళితే లోపలికి రానిస్తారు కనుక మహిళా విభాగం ఈ పని తీసుకుంటే మంచిది. పేర్లు రిజిస్టరులో తప్ప బయటికి రావు, ఆ పూచీ నాది. ఫారాలు అచ్చు వేయించి తెచ్చాను. రెండు వందలున్నాయి, షాదీఖానా వరండాలో పుస్తకాల బల్ల పక్కన పెట్టించాను. ఇంట్లో అలాంటి బిడ్డ ఉన్నవారు ఒకటి తీసుకువెళ్ళండి. వెనుక వైపు కొంత ఖాళీ వదిలాను. అందులో ఆ బిడ్డకు ఏం తినడం ఇష్టమో, ఎవరంటే ఇష్టమో, దేనికి భయమో రాయండి. రాయడం రానివారు భోజనాల తర్వాత నా దగ్గరకు వస్తే నేను రాసిపెడతాను. అసర్ దాకా ఇక్కడే ఉంటాను.